నాశానికి కారణం ఉందా: కారు తీగెలకు పట్టే చిలుము మీద ఒక విచారణ

కారులో కరెంటు నడిచే దారికి తీగెల కన్నా తీగెలు కలిసే చోట్లే ఆయువుపట్లు. బ్యాటరీ పోస్టుకు బిగించిన క్లాంపు, ఇంజనును బాడీతో కలిపే ఎర్త్ పట్టీ, హెడ్‌లైటు వెనక ప్లగ్గు, ఫ్యూజు కాళ్లు, డిక్కీ లోపలి రేకుకు స్క్రూతో బిగించిన టెయిల్ లైటు ఎర్త్ వైరు, ఇలాంటి కలయికలు ఒక్కో బండిలో వందల కొద్దీ ఉంటాయి. ప్రతిచోటా రెండు లోహపు ముఖాలు ఒకదాన్నొకటి తాకుతుంటాయి. వాటి మధ్యకు గాలి, తేమ, ఉప్పు, ఆమ్లం చేరితే లోహం కరెంటును సరిగా పోనివ్వని మరో పదార్థంగా మారిపోతుంది. ఇనుము మీద పుట్టేది తుప్పు, రాగి మీదా ఇత్తడి మీదా పుట్టేది చిలుము. కరెంటు కలయికల దగ్గర లోహం ఏదైనా జరిగే హాని ఒకటే కాబట్టి ఇక్కడ అన్నిటికీ చిలుము అన్న మాటే సరిపోతుంది.

విశాఖపట్నంలో సముద్రానికి దగ్గరగా రోజూ నిలిచే కారు బోనెట్ ఎత్తితే ఈ మార్పు కంటికి కనిపిస్తుంది. సీసం, ఆమ్లం ఉండే మామూలు బ్యాటరీ చార్జవుతున్నప్పుడు లోపల హైడ్రోజన్, ఆక్సిజన్ వాయువులు పుడతాయి. వాటితో పాటు సల్ఫ్యూరిక్ ఆమ్లపు సన్నటి తుంపర మూతల సందుల్లోంచి, పోస్టు చుట్టూ వదులైన సీలులోంచి బయటికి వస్తుంది. అది సీసపు పోస్టును తాకినచోట తెల్లటి లెడ్ సల్ఫేట్, కేబుల్ చివరి రాగిని తాకినచోట నీలి రంగు కాపర్ సల్ఫేట్ ఏర్పడతాయి. మొదట క్లాంపు అంచున బియ్యప్పిండి చల్లినట్టు ఉంటుంది. వదిలేస్తే నెలల్లో గడ్డకట్టి బోల్టు తలను కూడా మూసేస్తుంది. సముద్రపు గాలి దీనికి ఉప్పును జతచేస్తుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు తనంతట తానే నీటిని పీల్చుకుని కరుగుతుంది. వాన పడకపోయినా, బండి తడవకపోయినా లోహం మీద ఉప్పునీటి పొర నిలుస్తుంది. వర్షాకాలంలో తీరప్రాంతపు తేమ తరచూ ఆ గీటు దాటే ఉంటుంది.

ఈ పొర చేసే హాని లెక్కకు అందుతుంది. ఇంజనును తిప్పే స్టార్టర్ మోటారు, జనం సెల్ఫ్ అనేది, ఒక్కోసారి 200 ఆంపియర్ల దాకా లాగుతుంది. చిలుము వల్ల టెర్మినల్ దగ్గర నిరోధం ఓమ్‌లో నూరో వంతు పెరిగినా చాలు, ఓమ్ సూత్రం ప్రకారం అక్కడే 2 వోల్టులు పోతాయి. నిండుగా చార్జయిన బ్యాటరీ ఇచ్చేదే 12.6 వోల్టులు. పోయిన ఆ 2 వోల్టులు 400 వాట్ల వేడిగా మారి ఆ కలయికనే కాలుస్తాయి. బ్యాటరీ బాగానే ఉంటుంది, మోటారూ బాగానే ఉంటుంది. సెల్ఫ్ కొడితే మాత్రం టిక్కుమని ఆగిపోతుంది. కొత్త బ్యాటరీ కొని అదే చిలుము క్లాంపును మళ్లీ బిగిస్తే డబ్బు దండగ. అక్కడ చెడింది రెండు వస్తువుల మధ్య ఉన్న సంబంధం.

ఈ చోటనే ఒక పాత ప్రశ్న ఎదురవుతుంది. లోహం నశించడం దాని స్వభావమా, బయటి కారణాలు తెచ్చిపెట్టే ఆపదా? స్వభావమే అయితే ఆపబూనడం వృథా. కారణాల వల్ల వచ్చేదైతే ఆ కారణాన్ని తొలగించగానే నాశం ఆగాలి. నాశానికి హేతువు ఉందా లేదా అన్న వాదం బౌద్ధులకూ, న్యాయదర్శనాన్ని అనుసరించే నైయాయికులకూ మధ్య శతాబ్దాల తరబడి నడిచింది. కుండ, దీపం, కట్టె, గంట ఆ వాదంలో ఉదాహరణలు. బ్యాటరీ టెర్మినల్ వాటికి ఏమీ తీసిపోదు. పైగా దానిలో జరిగే మార్పును మీటరు పెట్టి కొలవవచ్చు.

బౌద్ధాచార్యుడు వసుబంధుడు అభిధర్మకోశ భాష్యం నాలుగో అధ్యాయంలో నాశం నిర్హేతుకమని వాదించాడు. నాశమంటే లేకపోవడం. లేకపోవడం ఒక కార్యం కాదు గనక దాన్ని పుట్టించే కారణమూ ఉండదు. పుట్టిన ప్రతిదీ పుట్టిన క్షణంలోనే తనంతట తాను నశిస్తుంది. కట్టెను నిప్పు కాల్చేసిందని లోకం అనుకుంటుంది గానీ, కంటికి తెలిసేది ఒక్కటే: నిప్పు తగిలాక కట్టె కనబడటం లేదు. నిప్పు వల్లే పోయిందా, తానే నశించి మళ్లీ పుట్టలేదా అన్నది చూపుతో తేలదు. గాలికి ఆరిన దీపాన్నీ, చెయ్యి పెట్టగానే ఆగిన గంట మోతనూ వసుబంధుడు ఎత్తి చూపింది ఇందుకే. ఈ లెక్కన నిన్నటి టెర్మినల్, ఇవాళ్టి టెర్మినల్ ఒకటి కావు. ఒకదాని వెనక ఒకటి పుట్టే క్షణాల వరుసను, అంటే సంతానాన్ని, మనసు ఒకే వస్తువుగా పట్టుకుంటోంది. తుప్పును బౌద్ధం నీతిబోధకూ వాడుకుంది. ధమ్మపదంలోని మలవర్గంలో ఇనుము నుంచి పుట్టే తుప్పు మనిషి చేసే చెడ్డపనికి ఉపమానం.

పైపైన చూస్తే ఈ క్షణికవాదంలో సంరక్షణకు చోటు లేనట్టు ఉంటుంది. అది తొందరపాటు. నిప్పు కట్టెను నాశనం చేయకపోయినా, తర్వాతి క్షణంలో కట్టె లాంటిది కాక బొగ్గు లాంటిది పుట్టేట్టు చేస్తుందని బౌద్ధులు ఒప్పుకుంటారు. అంటే బయటి పరిస్థితులు నాశానికి కారణం కాకపోయినా, వెనక వచ్చేదాని తీరుకు కారణమే. ఉప్పునీరు తగిలిన రాగి వెనక చిలుము పుడుతుంది, గ్రీజు కప్పిన రాగి వెనక రాగే పుడుతుంది. టెర్మినళ్లను శ్రద్ధగా చూసుకోవడానికి క్షణికవాదికి తన సిద్ధాంతంలోనే తగిన ఆధారం ఉంది.

నైయాయికులు మాత్రం నాశం కూడా కార్యమే అన్నారు. తెలుగు దేశానికి చెందిన అన్నంభట్టు తర్కసంగ్రహంలో అభావాలను నాలుగుగా విభజించాడు. వాటిలో ప్రధ్వంసాభావం, అంటే వస్తువు నశించాక ఏర్పడే లేమి, మొదలు ఉండి తుది లేనిది. మొదలున్నదేదీ కారణం లేకుండా రాదు. కర్రదెబ్బ పడకముందు కుండ ఉంది, పడ్డాక లేదు. దెబ్బ పడనిచోట కుండ అలాగే ఉంది. ఈ అన్వయ వ్యతిరేకాలు నాశానికి కారణం ఉందని చెబుతూనే ఉన్నాయి. పదో శతాబ్దపు ఉదయనుడు ఆత్మతత్త్వవివేకంలో క్షణికవాదాన్ని ఎదుర్కొన్నది ఈ పునాది మీదే.

ప్రధ్వంసాభావానికి తుది లేదన్న మాట టెర్మినల్ దగ్గర అక్షరాలా నిజం. బ్రష్షుతో రుద్దితే చిలుము పోతుంది, కానీ చిలుముగా మారిన లోహం తిరిగి రాదు. రుద్దిన ప్రతిసారీ పోస్టు కాస్త సన్నబడుతుంది, క్లాంపు పట్టు కాస్త వదులవుతుంది. పట్టిన చిలుమును వదిలించడం కన్నా పట్టకుండా చూడటం మేలనడానికి ఇంతకన్నా గట్టి కారణం అక్కర్లేదు.

రసాయనశాస్త్రం ఈ తగవులో ఏ ఒక్క పక్షానికీ పూర్తిగా తీర్పు ఇవ్వదు. భూమిలో ఇనుము లోహంగా దొరకడం చాలా అరుదు. ఛత్తీస్‌గఢ్‌లోని బైలడీలా కొండల నుంచి విశాఖకు రైళ్లలో దిగే ఖనిజం హెమటైట్, అంటే ఆక్సిజన్‌తో కలిసిన ఇనుము. బ్లాస్ట్ ఫర్నేస్‌లో కోకు మండించి ఆ ఆక్సిజన్‌ను విడదీస్తేనే లోహం చేతికొస్తుంది. అంత శక్తి పోసి విడదీసిన ఇనుము మళ్లీ ఆక్సిజన్‌తో కలవడానికే మొగ్గుతుంది, ఎందుకంటే ఆ కలయికలో దాని స్వేచ్ఛాశక్తి తగ్గుతుంది. తుప్పు పట్టడమంటే ఇనుము తన గని స్థితికి తిరిగి వెళ్లడమే. రాగి, సీసం, తగరం, జింకు కూడా ఎక్కువ తక్కువల తేడాతో ఇదే దారిలో ఉంటాయి. గాలిలో ఈ మొగ్గు లేనిది బంగారం. ఎయిర్‌బ్యాగ్ వంటి ప్రాణరక్షణ సర్క్యూట్ల పిన్నులకు బంగారు పూత వేసేది అందుకే. ఇంతవరకు వసుబంధుడి మాటకు బలం ఉంది. నాశం వైపు మొగ్గు వస్తువులోనే ఉంది, ఎవరూ బయటి నుంచి తెచ్చి పెట్టలేదు.

అయితే మొగ్గు వేరు, వేగం వేరు. చిలుము పట్టాలంటే ఎలక్ట్రాన్లను వదిలే చోటు, వాటిని అందుకునే చోటు, ఆ రెండింటినీ కలిపే లోహపు దారి, అయాన్లు కదలడానికి తడి, ఈ నాలుగూ ఒకేచోట కూడాలి. రెండు వేర్వేరు లోహాలు తాకుతుంటే మొదటి మూడూ కుదిరినట్టే. రాగి ప్రమాణ విభవం +0.34 వోల్టులు, ఇనుముది −0.44, జింకుది −0.76. ఈ అంకెల మధ్య ఎడం పెరిగేకొద్దీ కింది మెట్టున ఉన్న లోహం కరిగిపోయే ప్రమాదం పెరుగుతుంది. బాడీ రేకుకు వైరు చివరి రాగి లగ్గును నేరుగా బిగిస్తే తడి తగిలినప్పుడల్లా నష్టపోయేది రేకే. లగ్గుకు తగరం పూత వేయడం ఆ ఎడం తగ్గించడానికి. నాలుగింటిలో ఒక్కటి తప్పినా చర్య నిలిచిపోతుంది, బండి యజమానికి అన్నిటికన్నా సులువుగా చిక్కేది తడి. ఈ మేరకు నైయాయికులదే పైచేయి. నాశానికి దిశ వస్తువు స్వభావం నుంచి వస్తుంది, వేగం కారణాల నుంచి వస్తుంది. మనిషి కర్తవ్యం ఉన్నది ఆ వేగం దగ్గరే.

తుప్పుకు అతీతమైన లోహానికి ఉదాహరణగా చాలామంది ఢిల్లీ ఇనుప స్తంభాన్ని చూపుతారు. గుప్తుల కాలం నుంచి, దాదాపు 1600 ఏళ్లుగా అది నిలిచి ఉన్న మాట నిజమే. దానిలో భాస్వరం ఎక్కువ. మొదట్లో పట్టిన తుప్పుతో ఆ భాస్వరం కలిసి గట్టి ఫాస్ఫేట్ పొరగా ఏర్పడి లోపలి ఇనుమును కాచిందని కాన్పూర్ ఐఐటీలో పనిచేసిన ఆర్. బాలసుబ్రమణ్యం పరిశోధన తేల్చింది. నేలలో పాతిన భాగానికి మాత్రం తుప్పు పట్టింది. స్తంభం నిత్యమైనది కాదు. దాని చుట్టూ పరిస్థితులు కుదిరాయి, అంతే.

దిశకూ వేగానికీ ఉన్న ఈ తేడాను అందరికన్నా స్పష్టంగా చెప్పినది ఒక వైద్య గ్రంథం. చరకసంహిత విమానస్థానం మూడో అధ్యాయంలో అగ్నివేశుడు కాలమృత్యువు, అకాలమృత్యువుల గురించి అడిగితే, గురువు ఆత్రేయుడు బండి ఇరుసును చూపి జవాబు చెబుతాడు. మంచి గుణాలున్న ఇరుసును సక్రమంగా వాడితే అది అరిగి అరిగి తన సమయానికి ముగుస్తుంది. అది కాలమరణం. అదే ఇరుసు మోయలేని బరువు వల్ల, ఎగుడుదిగుడు దారి వల్ల, దారి కాని దారిన తోలడం వల్ల, చక్రం విరగడం వల్ల, లాగే పశువూ తోలే మనిషీ చేసే తప్పుల వల్ల, కందెన లేకపోవడం వల్ల నడుమనే విరిగిపోతుంది. అది అకాలమరణం. మనిషి ఆయుష్షూ ఇంతేనని ఆత్రేయుడి నిర్ణయం.

ఆ జాబితాలో కందెన ఉండటం గమనించదగ్గది. మిగతావన్నీ జరిగిన దెబ్బలు. కందెన లేకపోవడం మాత్రం జరగని పని. ఇరుసుకు మృత్యువు తప్పదని చెబుతూనే, కందెన వేయనందువల్ల వచ్చిన చావును విధి ఖాతాలో రాయడానికి ఆత్రేయుడు ఒప్పుకోలేదు. అదే అధ్యాయంలో ఆయుష్షు దైవం మీదా పురుషకారం, అంటే మనిషి ప్రయత్నం మీదా కలిసి ఆధారపడుతుందని కూడా ఉంది. ఎలాగూ పోయేదానికి ఎందుకీ శ్రమ అనేవాళ్లకు దీన్ని మించిన సమాధానం మరో గ్రంథంలో దొరకడం కష్టం. పోవడం ఖాయమే, ఎప్పుడు పోవాలో మాత్రం ఖాయం కాదు.

జరగని పని ఎలా కారణమవుతుంది? ఈ చిక్కును నవ్యన్యాయం నిప్పు, మణి ఉదాహరణతో విడదీసింది. చంద్రకాంతమణి దగ్గరుంటే నిప్పు కాల్చదని అప్పటి నమ్మకం. నిప్పు ఉంది, కట్టె ఉంది, అయినా కాలలేదు. కాబట్టి కాల్చే శక్తి అనే ప్రత్యేక పదార్థం నిప్పులో ఉందనీ, మణి దాన్ని చంపేసిందనీ మీమాంసకులు అన్నారు. అక్కర్లేదన్నారు నైయాయికులు. మణి ప్రతిబంధకం, ప్రతిబంధకం లేకపోవడం కూడా కాలడానికి ఉన్న కారణాల్లో ఒకటి, అంతే. విశ్వనాథుడి సిద్ధాంతముక్తావళిలో ఈ చర్చ ఉంది. మణి పక్కనే ఉన్నా ఉత్తేజకం అనే మరో వస్తువు చేరితే నిప్పు మళ్లీ కాలుస్తుందని కూడా వాళ్లు లెక్కలోకి తీసుకున్నారు.

టెర్మినల్ మీది గ్రీజు సరిగ్గా ప్రతిబంధకమే. అది రాగి స్వభావాన్ని మార్చదు, ఆక్సిజన్‌ను చంపదు, ఉప్పును తొలగించదు. తడిని లోహం దాకా రానివ్వకుండా మధ్యలో నిలుస్తుంది. ఉత్తేజకాలూ ఉన్నాయి: ఇంజను వేడికి గ్రీజు కరిగి కారిపోవడం, ప్రెషర్ పంపుతో కడిగినప్పుడు నీటిధార కనెక్టర్ సీలును దాటి లోపలికి దూరడం, రోడ్డు కుదుపులకు పిన్నులు అదరడం. గ్రీజు పెట్టినా చిలుము పట్టిందని జనం విసుక్కునే సందర్భాల్లో చాలావాటికి జవాబు ఈ మూడింట్లో దొరుకుతుంది.

గ్రీజు విషయంలో ఒక నిజమైన చిక్కు ఉంది. పెట్రోలియం జెల్లీ గానీ, కనెక్టర్లకు వాడే సిలికాన్ డైఎలెక్ట్రిక్ గ్రీజు గానీ కరెంటును పోనివ్వవు. కరెంటు పోవాల్సిన చోట కరెంటును ఆపే పదార్థం పూస్తే కరెంటు ఎలా పోతుంది? న్యాయ వైశేషికులు సంయోగాన్ని వివరించిన తీరులో ఇందుకు సమాధానం ఉంది. చెట్టు మీద కోతి కూర్చుంది. కొమ్మ దగ్గర చెట్టుకు కోతితో సంయోగం ఉంది, మొదలు దగ్గర ఆ సంయోగం లేదు. ఒకే చెట్టులో ఒకే సమయంలో సంయోగమూ దాని అభావమూ రెండూ ఉన్నాయి. ఆశ్రయమంతటా వ్యాపించని ఇలాంటి గుణాన్ని అవ్యాప్యవృత్తి అన్నారు.

రాగ్నర్ హోల్మ్ వంటివారు ఇరవయ్యో శతాబ్దంలో విద్యుత్ సంపర్కాలను పరిశోధించి కనుగొన్నది కూడా ఇదే. ఎంత నున్నగా కనిపించే లోహపు ముఖమైనా సూక్ష్మంగా చూస్తే గుట్టలు, గుంటలే. రెండు ముఖాలను గట్టిగా బిగించినా నిజంగా తాకేవి కొన్ని గుట్టల కొసలు మాత్రమే. కంటికి కనిపించే వైశాల్యంలో అది చాలా చిన్న భాగం. కరెంటంతా ఆ కొసల్లోంచే పోతుంది. బిగించే ఒత్తిడికి కొసల దగ్గర గ్రీజు పక్కకు నెట్టబడి లోహం లోహాన్ని తాకుతుంది. మిగిలిన గుంటల్లో గ్రీజు నిలిచి గాలికీ తడికీ చోటు లేకుండా చేస్తుంది. సంయోగం ఉన్నచోట గ్రీజు లేదు, సంయోగం లేనిచోట గ్రీజు ఉంది. అభావం ఉన్న చోటును కాపాడటం ద్వారా భావం ఉన్న చోటు నిలుస్తోంది. తర్కశాస్త్రంలో పొడిగా కనిపించే ఒక లక్షణం ఇంత నిక్కచ్చిగా ఒక కనెక్టర్ లోపల పనిచేయడం ఆనందం కలిగించే విషయం.

బిగింపు వదులైతే ఈ అమరికంతా చెడుతుంది. తగరం పూత ఉన్న పిన్నుల మీద సన్నటి ఆక్సైడ్ పొర సహజంగానే ఉంటుంది. ప్లగ్గు నొక్కగానే అది పగిలి కింది మెత్తటి తగరాలు కలుస్తాయి. బండి అదురుకు పిన్నులు మైక్రోమీటర్ల మేర అటూ ఇటూ జరిగితే ప్రతి కదలికలోనూ కొత్త తగరం బయటపడి ఆక్సైడ్ అవుతుంది. ఆ పొడి కొసల మధ్యే పేరుకుంటుంది. తడి లేకపోయినా ఇలా చెడిపోవచ్చు. కొన్ని లైట్లు గతుకుల్లో ఆరి వెలుగుతుండటానికి ఇదొక కారణం. ప్లగ్గును ఒకసారి తీసి పెడితే బాగవుతుంది, మళ్లీ చెడుతుంది. క్లిప్పు విరిగిన కనెక్టర్‌ను టేపుతో చుట్టి వదిలేయడం ఈ జబ్బును ఆహ్వానించడమే.

ఇక ఆచరణ. ఈ పనికి క్రమం ముఖ్యం. ఇంజను ఆపి, ముందు నెగెటివ్ టెర్మినల్ విప్పాలి, తర్వాత పాజిటివ్. ముందే పాజిటివ్ విప్పితే స్పానర్ బాడీని తాకినప్పుడు షార్టవుతుంది. బ్యాటరీ దగ్గర హైడ్రోజన్ ఉండవచ్చు కాబట్టి నిప్పు దగ్గరికి రాకూడదు. కళ్లద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి. వంటసోడా కలిపిన నీళ్లు చిలుము మీద పోస్తే ఆమ్లం విరిగిపోతూ నురుగు వస్తుంది. నురుగు ఆగేదాకా పోయాలి, ఆ నీళ్లు మాత్రం బ్యాటరీ మూతల లోపలికి పోకూడదు. తర్వాత మంచినీళ్లతో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, పోస్టునూ క్లాంపు లోపలి ముఖాన్నీ వైర్ బ్రష్‌తో లోహం మెరిసేదాకా రుద్దాలి. ముందు పాజిటివ్, ఆఖరున నెగెటివ్ బిగించి పైన పెట్రోలియం జెల్లీ పట్టించాలి. ఎర్త్ వైర్లు బాడీకి బిగించిన చోట పెయింటు, తుప్పు గీకి, గట్టిగా బిగించి, అలాగే కప్పాలి. సిలికాన్ గ్రీజును రిలేల లోపల, నిప్పురవ్వలు పుట్టే స్విచ్చుల్లో వాడకూడదు. రవ్వల వేడికి అది ఇసుక వంటి సిలికాగా మారి కరెంటును ఆపేస్తుంది. శుభ్రం చేసిన కొద్ది వారాలకే మళ్లీ పొడి పేరుకుంటే బ్యాటరీ అతిగా చార్జవుతోందేమో, పోస్టు సీలు వదిలిందేమో చూపించుకోవాలి. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ మీద మామూలుగా 13.8 నుంచి 14.4 వోల్టులు ఉండాలి.

ఇంత చేసినా కొత్తగా ఏమీ రాదు. బండి వేగం పెరగదు, మైలేజీ పెరగదు. ధర్మశాస్త్రం చెప్పే నిత్యకర్మ స్వరూపం ఇదే. కామ్యకర్మకు ఫలం ఉంటుంది. నిత్యకర్మ చేస్తే విశేషమైన ఫలం లేదు, మానితే ప్రత్యవాయం, అంటే దోషం వస్తుందని మీమాంసకుల్లో ఒక పక్షం. శంకరుడు గీతాభాష్యంలో దీన్ని ఒప్పుకోలేదు. చేయకపోవడం అభావం; అభావం నుంచి దోషమనే భావం పుట్టదు. టెర్మినల్ దగ్గర శంకరుడి ఆక్షేపణ నిలుస్తుంది. గ్రీజు పూయకపోవడం చిలుమును పుట్టించదు, ఉప్పు, తడి, గాలి పుట్టిస్తాయి. పూయకపోవడం వాటికి అడ్డు లేకుండా చేస్తుంది. అయితే బాధ్యత దగ్గరికి వచ్చేసరికి ఈ తేడా యజమానికి ఊరట కాదు. అడ్డు పెట్టగలిగినవాడు అతనొక్కడే.

ప్రతిబంధకానికీ నాశం ఉంది కదా, దాన్ని కాపాడేదెవరన్న ఆక్షేపణ మిగులుతుంది. గ్రీజు ఎండుతుంది, సీలు పగులుతుంది. రక్షకుడికి రక్షకుడు, అతడికి మరొకడు అంటూ పోతే అనవస్థా దోషం వస్తుంది. ఆగమ సంప్రదాయం ఇందుకు చక్కటి పరిష్కారం చూపింది. ఆలయంలో మూలమూర్తికీ పీఠానికీ మధ్య సందును లక్క, గుగ్గిలం, తేనెమైనం వంటి ద్రవ్యాల ముద్దతో పూడ్చడాన్ని అష్టబంధనం అంటారు. అభిషేక జలం లోపలికి దిగకుండా, విగ్రహం కదలకుండా అది కాపాడుతుంది. ఆ బంధనం శాశ్వతమని ఎవరూ అనుకోలేదు. తిరుమలలో 12 ఏళ్లకోసారి దాన్ని కొత్తగా వేస్తారు. 2018 ఆగస్టులో అష్టబంధన బాలాలయ మహాసంప్రోక్షణ పేరిట జరిగినది అదే. నిత్యుడని కొలిచే దేవుడి విగ్రహానికి కూడా అనిత్యమైన పూత, దానికో గడువు, గడువు తీరగానే మళ్లీ పని. శాశ్వతమైన రక్షకుణ్ణి వెతకడం మాని కాలచక్రాన్ని ఒప్పుకుంటే అనవస్థకు చోటే లేదు.

తెలుగు ఇళ్లలో బండికి అలాంటి రోజు ఒకటి ఉండనే ఉంది. దసరా ఆయుధపూజకు బండి కడిగి, పసుపు కుంకుమ పెట్టి, నిమ్మకాయ తొక్కిస్తారు. పైన మెరిసే బాడీకి జరిగే ఈ పూజ బోనెట్ కింద దాకా వెళ్లడం తక్కువ. దైవాన్ని నమ్మడం పురుషకారాన్ని మానడం కాదని చరకుడి గ్రంథం చెప్పింది కాబట్టి, అదే రోజు టెర్మినళ్లు తుడవడం పూజకు బయటి పని కాదు.

కారు మీద ఇంత శ్రద్ధ మమకారమే కదా అనేవాళ్లూ ఉన్నారు. బండి ఒక్క యజమానికే సంబంధించినదైతే ఆ మాట నిలిచేది. టెయిల్ లైటు ఎర్త్ దగ్గర చిలుము పడితే బ్రేకు నొక్కినప్పుడు వెనక దీపం మసకగా వెలుగుతుంది, ఒక్కోసారి అసలు వెలగదు. రాత్రివేళ ఆ దీపాన్ని నమ్మి వెనక వచ్చేది ముక్కూమొహం తెలియని ఒక మోటారు సైకిలు మనిషి. ఆ మనిషి పట్ల ఉన్న బాధ్యతకు మమకారమన్న పేరు చెల్లదు. గీత చెప్పిన లోకసంగ్రహం, అంటే లోకహితం, ఇలాంటి పనుల్లోనే ఉంది. కారున్న ప్రతివాళ్లూ వానలకు ముందొకసారి, దసరాకొకసారి బోనెట్ ఎత్తి టెర్మినళ్లు, ఎర్త్ బోల్టులు చూసుకోవాలి. మరొకరి చేత బ్రేకు నొక్కించి వెనక దీపాలు రెండూ సమంగా వెలుగుతున్నాయో లేదో గమనించాలి. సముద్రానికి దగ్గరగా ఉండేవాళ్లు మూడు నెలలకోసారి చూసుకోవాలి.